డబ్బా గుండె

జీపు వాకిట్లో ఆగేసరికి దినాల వంట ఇంకా పొయ్యి మీదే ఉంది. హుస్నాబాద్ నుంచి ఆ ఊరికి జీపు రావడమే అరుదు. ఆడవాళ్లు గరిటెలు చేతపట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

దిగింది వెల్ఫేర్ ఆఫీసరు. బెల్లంపల్లి గని నుంచి వెతుక్కుంటూ వచ్చాడు.

"కొమురెల్లీ, ఇదేం పనయ్యా? శుక్రవారం మదరాసులో ఆపరేషన్ పెట్టుకుని ఇక్కడ కూర్చున్నావు."

గోడకు చేరబడి కూర్చున్న అతను లేచాడు. లేస్తూనే ఎడమచేతి మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాడు. రెండేళ్లుగా అదే అలవాటు. నాడి నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకోవాలి. పొద్దున అరవై నాలుగు. ఇప్పుడు అరవై రెండు.

అప్పట్లో గనిలో రెండుసార్లు తెలివి తప్పి పడిపోతే కంపెనీవాళ్లే మదరాసు పంపించారు. గుండె తనంతట తాను సరిగా కొట్టుకోవడం లేదన్నారు. రెండు తీగలు గుండెకు కుట్టి, వాటి కొసలను పొట్ట చర్మం కింద పెట్టిన అరచేతంత డబ్బాకు కలిపారు. డబ్బాలో బ్యాటరీలు. డబ్బా కొడితేనే గుండె కొడుతుంది. బ్యాటరీలు రెండేళ్లకు మించి రావు, నాడి అరవైకి దిగేలోపు వచ్చి మార్పించుకో అని డాక్టరు మరీమరీ చెప్పాడు.

తిరిగొచ్చాక గనిలోకి దిగనివ్వలేదు. పైన దీపాల గదిలో పని ఇచ్చారు. బ్యారక్‌లో తోటివాళ్లు గడియారం మింగినోడని పేరు పెట్టారు. అతను నవ్వి ఊరుకునేవాడు. నిజానికి ఆ డబ్బాకు సంతోషం తెలియదు, దుఃఖం తెలియదు. పరుగెత్తినా అదే లెక్క, పండుకున్నా అదే లెక్క. పది రోజుల కింద శవం ముందు కూర్చున్నప్పుడూ అదే లెక్క.

"సావు అయిన ఇల్లు గద సార్. ఎట్ల ఇడిసి రావాలె?" అన్నాడు.

ఆఫీసరు మంచివాడు. కోపం దిగిపోయింది. సంచిలోంచి కాగితాలు తీశాడు. కొత్త డబ్బాను విదేశం నుంచి తెప్పించారనీ, కంపెనీ తన పనివాడికి తప్ప ఇంకొకరికి ఇవ్వదనీ, ఆర్డరు కొమురెల్లి పేరు మీదే ఉందనీ, ఈ శుక్రవారం దాటితే మళ్లీ ఎప్పుడో తెలియదనీ చెప్పాడు. సాయంత్రం కాజీపేటలో బండెక్కాలి. అయితే సెలవు దాటిపోయింది. దానికి మాఫీ దొరకాలంటే చావు నిజమేనని ఊరి పటేలు రాసి సంతకం పెట్టాలి.

దినాలకు వచ్చిన పటేలు అక్కడే ఉన్నాడు. పెన్ను తీసి, ఆఫీసరు వంక చూశాడు. కూర్చున్న ఊరివాళ్ల వంక చూశాడు.

"చనిపోయింది నీ తమ్ముడని టెలిగ్రాంలో ఉంది. పేరేమిటి?" ఆఫీసరు అడిగాడు.

"అంతయ్య" అన్నాడు అతను.

పటేలు రాశాడు. అంతయ్య, వయసు ముప్ఫై మూడు, జ్వరం వల్ల మృతి. సంతకం పెట్టి, అరచెయ్యి ధోవతికి తుడుచుకున్నాడు.

"దీని కింద భార్య వేలిముద్ర పడాలి. అంతయ్య భార్య ఎవరమ్మా?"

వంటింటి గడపలో ఐలవ్వ నిలబడి ఉంది. రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. నొసట ఇంత బొట్టు. ఆఫీసరు చూపు ఆ గాజుల మీద ఆగింది.

అందరికంటే ముందు కదిలింది లస్మవ్వ. ఆ ఇంటి మేనత్త, పండు ముసలి.

"మా దిక్కు గాజులు తీసుడు దినాల నాడే సార్. మీరొచ్చిన్రని జర ఆగినం" అంటూ ఐలవ్వ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించి కూర్చోబెట్టింది.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. పటేలు అతని భుజం పట్టుకున్నాడు.

"తమ్ముని పెండ్లాం గాజులు పలుగుతుంటె బావ సూడొద్దు. అటు తిరుగు."

అతను గోడ వైపు తిరిగాడు. వెనక రాయి దెబ్బ. గాజు చిట్లిన చప్పుడు. మళ్లీ దెబ్బ. వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి. అరవై రెండు. గుండె ఒక్క దెబ్బ కూడా ఎక్కువ కొట్టలేదు.

ఐలవ్వ ఏడవలేదు. తుడిచిన బొట్టు నొసలంతా అలుక్కుని ఉండగానే వచ్చి కాగితం మీద బొటనవేలు ఒత్తింది. తల్లిని అట్లా చూసి జడుసుకున్న మూడేళ్ల పిల్ల మాత్రం అతని కాళ్లు చుట్టేసుకుని "బాపూ, బాపూ" అని ఒకటే ఏడుపు. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ పెద్దబాపు దవఖానకు పోతుండు. ఇడువు బిడ్డా" అని లస్మవ్వ పిల్లను లాగి చంకనేసుకుంది.

బట్టల మూట ఐలవ్వే తెచ్చింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, నేలచూపు చూస్తూ అందించింది.

"పైలంగ పో బావా. ఆలస్యమైన సరే, పానంతోని రా."

జీపు కదిలింది. ఊరు దాటాక ఆఫీసరు అతని భుజం తట్టాడు.

"నీకంటే పెళ్లీ పెటాకులూ లేవు కొమురెల్లీ, ఎట్లాగో గడిచిపోతుంది. పాపం, ఆ అంతయ్య భార్యకు ఇక దిక్కెవరయ్యా?"

మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకుని తల దించుకున్నవాడే అంతయ్య. చచ్చిపోయింది, పదకొండేళ్ల కిందట గనిలోకి దిగనంటూ తన పేరున్న పనిచీటీని తమ్ముడి చేతిలో పెట్టిన అన్న కొమురెల్లి.