వద్దన్నవాళ్లు చెయ్యెత్తండి

"సంతరోజు సభేటి? ఎవులున్నారని పెట్టినావు?"

సవరమ్మ కేకకు రిసార్టు కంపెనీ మనిషి కామేష్ తల కూడా తిప్పలేదు. బడి ముందు షామియానా కింద బిరియానీ తింటున్న జనాన్ని లెక్కపెట్టుకుంటున్నాడు. గట్టిగా మాట్లాడేవాళ్లు సంతకు పోతారని కావాలనే ఈ రోజు ఎంచుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆటోకు మైకు కట్టి కొండదారులన్నీ తిప్పితే నూటపాతిక మంది తేలారు.

"కళ్లు కనబడవా? ఇంతమంది ఉన్నారుగా!"

"ఈళ్లా? ఈళ్లు..."

"చాల్లే, నోరుముయ్."

"ఎందుకు ముయ్యాల? ఆ కొండమీద నా కాపీ తోటుంది. ఇరవయ్యేళ్ల తోట. అది నువ్వట్టుకుపోతే నానేటి తినాల?"

కామేష్ చంకలోని పుస్తకం తీసి ఆమె మొహం ముందు ఊపాడు. మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారో చెప్పే పుస్తకం. తప్పకుండా చదవమని మేనేజరు ఇచ్చిన ఐదింటిలో అతను చదివింది ఇదొక్కటే, అదీ సగం. ఆ సగానికే అంత పొగరు!

"ఇందులో అంతా ఉంది. మనిషి కాదనడానికి బద్ధకిస్తాడు. తిండి పెట్టినవాడికి అసలే ఎదురు చెప్పడు. చూస్తావా?"

ఆమెను పక్కకు నెట్టి మైకు అందుకున్నాడు.

"కొండ ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు చెయ్యెత్తండి. ఎత్తకపోతే ఒప్పుకున్నట్టే!"

"అదేటి అడగడం? కావాలన్నోళ్లని ఎత్తమను!" అని అరుస్తూనే సవరమ్మ చెయ్యెత్తింది. చుట్టూ చూసింది. ఇంకొక్క చెయ్యి లేవలేదు. అందరూ అడ్డాకు విస్తళ్లలోకి తలలు దించుకుని ముక్కలు కొరుకుతున్నారు.

"సిగ్గు నేదర్రా మీకు? కూటికి ఎదుటోళ్ల కొంప ముంచుతారా?" కోపంతో ఆమెకు ఏడుపొచ్చింది.

"ఒక్కరు తప్ప అందరూ ఒప్పుకున్నారు. రాసుకోండి మేడమ్," అన్నాడు కామేష్.

మండలం నుంచి వచ్చిన హేమలత రిజిస్టరు తెరిచింది. "వేలిముద్ర వేసేముందు పేరూ ఊరూ చెప్పండి."

"మంగరాజు. గెడ్డ నీళ్లు దాటితే అవతలూరు."

"యర్రమ్మ. మాదీ గెడ్డకవతలే."

"మాది రోడ్డు దిగువూరమ్మా."

పది పేర్లయ్యేసరికి హేమలత కలం ఆగిపోయింది. కామేష్ మొహం పాలిపోయింది.

"ఈ ఊరివాళ్లేరయ్యా?" అని మంగరాజు మీద విరుచుకుపడ్డాడు.

"సంతకెళ్లారు కద బాబూ," అన్నాడు మంగరాజు ఎముక చీకుతూ. "తిండెడతామని మైకులో పిలిచినారని మేమొచ్చేం."

"ఈ ఊరివాళ్లు ఒక్కరైనా ఉన్నారా?" హేమలత విసుగ్గా అడిగింది.

సవరమ్మ ముందుకొచ్చింది. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"నానొక్కదాన్నే ఉన్నాను. రాసుకో తల్లీ, ఊరంతా వద్దన్నాది."