కుడి చెవి

పాతవే అయినా గొంతు బాగున్న స్పీకర్లను ఏరి తెచ్చింది కూతురు. అమ్మ బట్టలు కుట్టే టేపుతోనే కొలిచి, పోయిన నాన్న కుర్చీకి ఎదురుగా, చెరోపక్కా సమానంగా పెట్టింది.

"మధ్యలో కూర్చోమ్మా. పాట నీ ముందు నిలబడి పాడినట్టుంటుంది."

"మీ నాన్నుంటే రెండూ కుడిపక్కకే లాగేసేవారు. ఎడమ చెవి వినపడదాయె!" అని నవ్వింది అమ్మ.

కూతురు వెళ్లిపోయింది. చీకటి పడ్డాక అమ్మ తలుపు గడియపెట్టి, పాట పెట్టి, వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ముందుగదిలో ఏదో ఈడ్చిన చప్పుడు. వెంటనే పాట హోరెత్తింది.

వచ్చి చూస్తే, రెండు స్పీకర్లూ కుర్చీకి కుడిపక్కనే ఉన్నాయి. తలుపుకు వేసిన గడియ వేసినట్టే ఉంది.

వంటింటి గుమ్మం కుర్చీకి ఎడమవైపు. అమ్మ అక్కడే నిలబడి అంది.

"ఏమండీ, కాస్త తగ్గించండి. ఇరుగుపొరుగు పడుకోవద్దూ?"

పాట తగ్గలేదు.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని, మెల్లగా కుర్చీ చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చింది. ఎప్పటిలాగే వంగి, అదే మాట మళ్లీ అంది.

పాట తగ్గింది.