వారం రోజుల బ్యాటరీ

"ఇది వారం వచ్చేదయ్యా. ఇప్పుడు రెండో రోజుకే చచ్చిపోతోంది. ఇంకా ఎక్కువ బ్యాటరీ ఉన్నది చూపించు," అంటూ గౌరీశంకర్ తన ఈ-సిగరెట్ తీసి గాజు కౌంటర్ మీద పెట్టాడు.

కౌశిక్ దాన్ని తిప్పి చూశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక అరోరాలో ఈ-సిగరెట్లు అమ్మే ఈ వేప్ షాపు కొనుక్కున్నాడతను. తనుండే నేపర్‌విల్‌లో తెలిసినవాళ్ల కంటపడకూడదని గౌరీశంకర్ పక్క ఊరికి డ్రైవ్ చేసుకుని వస్తే, కౌంటర్ వెనక తెలుగువాడే ఎదురయ్యాడు.

"వారమా? ఈ మోడల్ ఎప్పుడూ రెండు రోజులే అంకుల్."

"రెండేళ్లు వాడినవాణ్ణి నేను. ఆదివారం మా ఆవిడ లీల గుడికి వెళ్లగానే చార్జింగ్ పెట్టేవాణ్ణి. మళ్లీ ఆదివారం దాకా చూసుకునే పనే లేదు."

"అప్పుడు రోజుకి రెండుసార్లే పీల్చేవారేమో."

"నీకంటే ఎక్కువే."

కౌశిక్ నవ్వి, షాపు చార్జర్ వైరు దాని దగ్గరికి తెచ్చాడు. వైరు కొస టక్‌మని దానంతటదే అతుక్కుంది. మాగ్నెట్ అట. ఈ మోడల్ వైరు తప్ప ఇంకేదీ దీనికి అతకదట. పోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందేనట.

"నా వైరు ఎక్కడికీ పోలేదు. గరాజ్‌లోనే ఉంది, నల్లది," అన్నాడు గౌరీశంకర్.

కాసేపటికి చార్జర్ మెషీన్‌లో ఏవో అంకెలు చూసి కౌశిక్ తల ఎత్తాడు. బ్యాటరీ లక్షణంగా ఉందని చెప్పి, వైరు ఊడదీసి దాన్ని కౌంటర్ మీద పెట్టి, వేరే మోడళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు.

గౌరీశంకర్‌కి నమ్మకం కుదరలేదు. ముప్పై ఏళ్లు మెకానికల్ ఇంజనీరుగా చేసినవాడికి యంత్రాల సంగతి ఇంకొకరు చెప్పాలా? నిజమే, కొన్న మొదటి వారం ఇది బుధవారానికే ఆగిపోయింది. ఉండబట్టలేక గ్యాస్ స్టేషన్‌లో సిగరెట్ పెట్టె కొన్నాడు. కోటుకి పట్టిన కంపు లీల పసిగట్టిందేమోనని రెండు రోజులు హడలిపోయాడు. ఆవిడ ఏమీ అనలేదు. కోటు ఉతికి తగిలించింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా బ్యాటరీ మధ్యలో ఆగలేదు. కొత్త ఇంజను నాలుగు రోజులు తిరిగాక సర్దుకున్నట్టు ఇదీ సర్దుకుందనుకున్నాడు.

గుండెకి స్టెంట్ వేసిన రోజున లీల అతని చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. ఇంక పొగ తాగనని నా మీద ఒట్టు వెయ్యండి, అంది. వేశాడు. నెల తిరక్కుండా ఇది కొన్నాడు. ఇది పొగ కాదు, ఆవిరేగా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

గరాజ్‌లో టూల్ బాక్సు అడుగు అరలో దాచేవాడు. పక్కనే బియ్యం బస్తా. రోజూ భోజనాలయ్యాక లీల మర్నాటికి గ్లాసుడు బియ్యం కోసం గరాజ్‌లోకి వెళ్లేది. ఖాళీ గ్లాసు బస్తాలో పెట్టడానికి పొద్దున్నే, అతను లేవకముందే, మళ్లీ వెళ్లేది. ఆవిడ ఆ తలుపు తీసినప్పుడల్లా అతను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేవాడు. వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకోకూడదా అంటే, "పురుగు పడుతుందండీ" అనేది. చెవి సరిగా వినపడని మనిషి కాబట్టి తన దగ్గు వినపడదులే అని ధైర్యం తెచ్చుకునేవాడు.

మార్చిలో ఒక రోజు మధ్యాహ్నం కునుకు తీస్తూ ఆవిడ నిద్రలోనే పోయింది. ఒట్టు తప్పితే, ఎవరి మీద వేశామో వాళ్లకి తగులుతుందని అతని తల్లి అంటూ ఉండేది. ఇంజనీరు బుర్ర ఆ మాట ఒప్పుకోలేదు. మనసు మాత్రం ఒప్పేసుకుంది.

కౌశిక్ మూడు డబ్బాలు తెచ్చి వరసగా పెట్టాడు. అందులో వెండి రంగుది నాలుగు రోజులొస్తుందన్నాడు. అంతకు మించి ఏ కంపెనీదీ రాదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆంటీకి తెలుసా అంకుల్?" అని కన్ను గీటాడు.

"తెలీదు. తెలీకుండానే పోయింది."

కౌశిక్ మొహం చిన్నబోయింది. సారీ అని గొణిగాడు.

"చెప్దామని చాలాసార్లు అనుకున్నానయ్యా. తిడుతుంది, ఏడుస్తుంది, క్షమిస్తుంది. అక్కడితో అయిపోయేది. రెండేళ్లు పక్కనే కూర్చుని మోసం చేశాను. ఇప్పుడు క్షమించమని ఎవర్ని అడగను?"

కౌశిక్ వెండి రంగు డబ్బా స్కాన్ చేసి, ఐడీ చూపించమన్నాడు.

"డెబ్బై రెండేళ్లవాడికి ఐడీ ఏమిటి?"

"అందరినీ అడగాలి అంకుల్. పైన కెమెరా ఉంది."

గౌరీశంకర్ కోటు జేబులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెట్టాడు. చేతిరుమాలు, పిప్పరమెంట్లు, తాళాలు, చుట్ట చుట్టిన తెల్ల వైరు.

"ఇదేమిటంకుల్?"

"మా ఆవిడ చెవి మిషన్‌ది."

రైస్ కుక్కర్ వెనక ప్లగ్గుకి, చుట్ట చుట్టి, ఎప్పుడూ వేలాడుతుండేది. ఒకసారి అదేమిటని అడిగితే, "నా చెవి మిషన్‌దండీ, కదపకండి" అంది లీల. కదపలేదు. ఇవాళ పొద్దున సీనియర్ సెంటర్‌లో మిషన్ డొనేట్ చేశాడు. అక్కడి ఆవిడ మిషన్ తీసుకుని వైరు అక్కర్లేదంది. లీల చేత్తో చుట్టిన వైరు పారెయ్యడానికి చేతులు రాలేదు.

ఐడీ దొరికింది. చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని, తెల్ల వైరుని జాగ్రత్తగా పాత ఈ-సిగరెట్ పక్కకి జరిపాడు.

టక్‌మని చిన్న చప్పుడైంది.

లీల వైరు కొస దానంతటదే ఈ-సిగరెట్‌కి అతుక్కుంది.