ఇడ్లీ పళ్లెంలో రంగులు

భార్య నవనీత లేకుండా ఇమ్మానుయేల్ బొమ్మ వేయడానికి రావడం ఇదే మొదటిసారి. తార్నాకలో బస్సు దిగి, యూనివర్సిటీలో ఇద్దరూ ఎప్పుడూ కూర్చునే తురాయి చెట్టు ఎదుటే కూర్చున్నాడు.

ఆమె ఉన్నప్పుడు పక్కనే కూర్చుని, పాత ఇడ్లీ పళ్లెం గుంటల్లో రంగులు పిండేది. "ఇగో, నా దిక్కున్నది పువ్వులకు, నీ దిక్కున్నది ఆకులకు. ముచ్చట్ల పడి మర్చిపోకు," అంటూ చేతికందించేది. ఫ్లాస్కులో చాయ్ అయిపోయేలోగా బొమ్మ అయిపోయేది.

చివరిసారి ఆమె పిండిన రంగులు ఆ పళ్లెంలోనే ఎండిపోయాయి. ఆమె చావుకొచ్చిన చుట్టాలు దాన్ని తోమబోతుంటే లాక్కుని మంచం కింద దాచుకున్నాడు. ఇవాళ వాటినే నీళ్లతో తడిపాడు. ఆమె కూర్చునే వైపు గుంటలోంచి పువ్వులు, తన వైపు గుంటలోంచి ఆకులు వేశాడు. ఇన్నాళ్లకు చెయ్యి ఆడింది. పక్కన ఆమె ఉన్నట్టే అనిపించింది.

అటుగా వెళ్తున్న ఓ స్టూడెంటు ఆగింది.

"సూపర్ ఉన్నది సార్! అందరూ ఉన్నది ఉన్నట్టు వేస్తరు. మీరేమో ఆకులు రెడ్, పువ్వులు గ్రీన్ వేసిన్రు. గీ ఐడియా ఎట్ల వచ్చింది?"

ఇమ్మానుయేల్ కుంచె ఆగిపోయింది. పళ్లెం వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. పుట్టినప్పటి నుంచీ అతని కళ్లకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది.

"పళ్లెం మా ఆమె అందిచ్చేది బిడ్డా," అన్నాడు. "ఇయాల నేనే తీస్కున్న, ఎటు తిప్పి పెట్టుకున్ననో."