గోలలో వినే చెవి

"అద్దానికి ఎదురుగానే కూర్చుంటానమ్మా. నువ్వు కనబడుతుంటే నాకు ధైర్యం," అన్నారు మామగారు, హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుంటూ.

కోడలు నవ్వి, బయటి శబ్దం చొరబడని ఆ చిన్న గది తలుపు మూసి, అద్దానికి ఇవతల మైకు ముందు కూర్చుంది. ఈ చెవి పరీక్షకు వచ్చిన మిగతా వాళ్ళందరికీ రికార్డు చేసిన మాటలే వినిపించింది. ఈయన మాత్రం మొదటిరోజే, "ఆ డబ్బా గొంతు నాకెందుకు? నువ్వే చదువు," అని పట్టుబట్టారు. తన గొంతంటే అంత అభిమానం కాబోలని ఆమె లోలోపల పొంగిపోయింది.

కంప్యూటర్‌కి మనిషి చెవిని తయారుచేయడం ఆమె ఉద్యోగం. మన చెవి జల్లెడల వరస లాంటిది. బొంగురు శబ్దాలు ఒకదానిలో, కీచు శబ్దాలు ఇంకొకదానిలో, విడివిడిగా దిగుతాయి. ఆ జల్లెడలను లెక్కల్లో కట్టి, మనిషి ఎంత గోలలో మాట పోల్చుకోగలడో కంప్యూటరూ అంతే గోలలో పోల్చుకునేలా చేయాలి. అందరితోనూ లెక్క కుదిరింది. మామగారి దగ్గరే అడ్డం తిరిగింది. ఎంత గోల కలిపినా ఆయన మాట వదలరు. పైగా గోల పూర్తిగా తీసేసినా 'బడి'ని 'మడి' అంటారు!

"ఇదేం చెవి మామయ్యా?" అని ఇంట్లో అడిగింది.

"ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేశానమ్మా. ఆ రొదలో మాట పట్టుకోవడం మాకు అలవాటే."

"అబ్బో, గొప్ప చెవే! వెనకనుంచి నేను పిలిస్తే మాత్రం పలకదు," అంది అత్తగారు.

పెళ్ళాం పిలిస్తే మొదటి కేకకే పలికే మగాడు ఎక్కడున్నాడు గనక! కోడలు నవ్వేసి ఊరుకుంది.

ఇవాళ మాత్రం నవ్వులాట కాదు. ఈసారీ లెక్క తప్పితే ప్రాజెక్టు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని ఆఫీసులో పై అధికారి మేడమ్ మొహం మీదే చెప్పేసింది. కోడలికి భయంగానే ఉంది. పాత కొలతలన్నీ పక్కన పెట్టి, జల్లెడలను ఒక్కొక్కటే సవరించి, మొత్తం మోడల్‌ని మామగారి చెవికి తగ్గట్టు మార్చేసింది మరి.

ఆమె ఒక్కో మాటే చదువుతూ గోల పెంచుకుంటూ పోయింది. మామగారు చూపు మరల్చకుండా ఆమె పెదవులే చూస్తూ, తడుముకోకుండా తిరిగి చెప్పారు. కంప్యూటరూ అవే చెప్పింది. 'బడి' దగ్గర ఇద్దరూ కూడబలుక్కున్నట్టు 'మడి' అన్నారు.

"శభాష్!" అంది మేడమ్. "ఇక మన మోడల్‌కి కొలబద్ద ఈ చెవే. రిపోర్టు ఇప్పుడే పైకి పంపించేశాను."

కోడలికి కాళ్ళు నేలమీద ఆనలేదు. మామగారు బయటికి రాగానే ఎదురెళ్ళింది.

"నెగ్గావా అమ్మా?"

"మీ చెవే నెగ్గించింది మామయ్యా!"

ఆయన మొహంలో నవ్వు ఒక్క క్షణం తడబడింది. "నువ్వు నెగ్గావు, అంతే చాలు," అని మంచినీళ్ళ కోసం అటు వెళ్ళారు.

సామాను సర్దడానికి గదిలోకి వెళ్ళిన టెక్నీషియన్, బల్ల కిందనుంచి లేచి నాలుక కరుచుకున్నాడు.

"సారీ మేడమ్, పొద్దున ఊడ్చేటప్పుడు పీకిన హెడ్‌ఫోన్ వైరు మళ్ళీ పెట్టడం మరిచిపోయాను."