గ్రీకు దేశంలో ఉన్నవాడు

ఆ ఉదయం ఆకాశం కురవకుండా, తెరిపివ్వకుండా సముద్రం మీద వేలాడుతోంది. గ్రీకు చక్రవర్తి కోట లోపల కాపలా దిగి రొట్టె విప్పుకుంటున్న ఉత్తరదేశపు భటుడు కేతిల్, పదకొండేళ్ల తర్వాత తమ్ముడు టోకిని చూశాడు.

“నాన్న పోయాడన్నా. పొలం పంచుకోవాలి, ఇంటికి రా.”

“గ్రీకు దేశంలో ఉన్నవాడికి వాటా లేదని మనవాళ్ల చట్టం కదరా. నువ్వే దున్నుకో.”

“నాకొక్కడికే వద్దు. నీకోసమే వచ్చా. కొలువులో చేరితే తప్ప కోటలోకి వదలమన్నారు. నిన్న ప్రమాణం చేశా.”

అప్పుడు చూశాడు కేతిల్, తమ్ముడి భుజాన కాపలా భటులకిచ్చే కొత్త గొడ్డలి.

“ఎన్నేళ్లకురా, వెర్రి వెధవా?”

“ఏడు. నీకో?”

“ఇంకా నాలుగు. మరి పొలం?”

టోకి తల గోక్కున్నాడు. “పెదనాన్న కొడుక్కి పోయినట్టే.”

“నువ్వైనా దున్నుతున్నావనుకుంటూ ఇన్నాళ్లు నిలబడ్డానురా.”

కేతిల్ రొట్టె విరిచి పెద్ద ముక్క తమ్ముడికిచ్చాడు. ఎండుచేప మధ్యలో పెట్టుకుని ఇద్దరూ తిన్నారు.