చల్లారిన కాఫీ

ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ రజ్లాన్ గుమ్మంలో కనబడగానే చియోంగ్ ముసలాయన సిగరెట్టును తన కాఫీ కప్పులోనే ముంచేశాడు. హోటలు యజమాని యోక్ లాన్ గల్లా వదిలి గబగబా అటు నడిచింది. కాల్చుకునేవాళ్ళు బల్లలకి మూడు మీటర్ల అవతల, వీధిలో తను వేయించిన పసుపు గీత దాటి నిలబడాలి. పట్టుబడితే ఆయనకి రెండొందల యాభై రింగిట్ల జరిమానా, తనకి నోటీసు.

రజ్లాన్ తిన్నగా వచ్చి ముసలాయన ఎదురుగా కూర్చున్నాడు.

"తాగండి అంకుల్, చల్లారిపోతోంది."

"తొందరేముందిలే బాబూ."

"వేడిది తెస్తానుండండి," అంటూ యోక్ లాన్ కప్పు అందుకోబోయింది.

"ఉండనీ అక్కా. ఈయన తాగాకే నేను లేస్తాను."

ముసలాయన ఆమెకేసి ఒకసారి చూశాడు. యోక్ లాన్ నాన్న పోయినప్పుడు హోటలు మూసెయ్యకుండా వెన్నంటి నిలబడ్డ మనిషి. కప్పెత్తి పెదాలకి ఆనించాడు.

"వద్దంకుల్!" కప్పు లాక్కుంది. "రాసుకోండి సార్. ముసలాయన, నడవలేడు. మిగతావాళ్ళందరూ గీత దాటే కాలుస్తారు."

రజ్లాన్ పెన్ను తీశాడు గానీ రాయలేదు. హోటలంతా ఓసారి కలయజూశాడు.

"సంతోషం. అయితే అందరూ మీ మీ కాఫీలు తాగండి, చూస్తాను."

ఎనిమిది బల్లల మీద కప్పులున్నాయి. ఒక్క చెయ్యీ కదల్లేదు.

యోక్ లాన్ చూపు తప్పించి వీధిలోకి చూసింది. ఆర్నెల్లకిందటి పసుపు గీత, ఎవరి కాలూ పడనట్టు ఇంకా కొత్తగా మెరుస్తోంది.